చెప్పుకొనని బాకీ

ఈ పత్రికయందు విత్తనశుద్ధిని గూర్చియు, ఎరువుల మోతాదును గూర్చియు, వాయిదాల తేదీలను గూర్చియు చదువుటకు మన సభ్యులు అలవాటుపడియున్నారు. ఈ నెల మేము వేరొక విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఇది సేద్యమునకు సంబంధించినది కాదని మొదట తోచవచ్చును. తుదివరకు చదివినవారికి ఇది పొలమునకును, ఇంటికిని, సంఘమునకును గూడ సంబంధించినదేయని తెలియగలదు. అది రైతు మనస్సును గూర్చిన మాట.

సంఘపు లెడ్జరులో ప్రతి సభ్యునికిని ఒక పుట కలదు. అసలెంత, వడ్డీ యెంత, వాటాధనమెంత, గడువు మీరినదెంత అను సంగతులన్నియు అందు వ్రాయబడియుండును. ఆ పుటను జూచినచో సభ్యుని ఆర్థికస్థితి కొంతవరకు తెలియును. కొంతవరకనియే యేల అనుచున్నామనగా, బయటి వడ్డీవ్యాపారికిని, పురుగుమందుల దుకాణమునకును ఆయన పడిన బాకీ అందు కనబడదు. అట్లే ఆ మనిషి రాత్రి నిద్రపోవుచున్నాడా, పట్టెడన్నము రుచితో తినుచున్నాడా, ఇంటివారితో మాటలాడుచున్నాడా యను సంగతియు ఏ పుటలోను కనబడదు. దాగియున్న ఈ రెండు బాకీలును ఒకదాని నొకటి పెంచుచుండును. మొదటిదానికి వడ్డీ రూపాయలలో పెరుగును. రెండవదానికి వడ్డీ నిద్రలేని రాత్రులలో పెరుగును.

మనోవ్యథ పడువారి మాటలు వినుట మా వృత్తి. నేడు దీనిని కౌన్సెలింగు అనుచున్నారు. పేరు క్రొత్తదిగాని పని ప్రాతదే. రచ్చబండపై కూర్చున్న పెద్దమనిషియు, బావిగట్టున ఇరుగుపొరుగు స్త్రీలును పూర్వము కొంతవరకు చేసిన పనియే నేడు శిక్షణతో చేయబడుచున్నది. మా వద్దకు వచ్చువారిలో రైతులు అనేకులు. ఎవరును “నా మనస్సు బాగుండలేదు” అని చెప్పుచు రారు. “తల బరువుగా నున్నది”, “గుండె దడదడ లాడుచున్నది”, “కడుపులో మంట”, “ఒంట్లో సత్తువ లేదు” అని వత్తురు. రాయలసీమలోను కోస్తాలోను దిగులు, బెంగ, గుబులు అని యందురు. తెలంగాణమున రంది యనియు, మనాది యనియు నందురు. మాటలు వేరైనను బరువొకటే.

పల్నాటి మిరప పండించు నడివయసు రైతొకడు ఒక వేసవిలో మా వద్దకు వచ్చెను. ఆయనకు ఎప్పుడును తలనొప్పి. ఊరిలో బలమునకని సూదులు వేయించుకొనెను. పట్టణమునకు బోయి గుండెకును, తలకును పరీక్షలు చేయించుకొనెను. దోషమేమియు లేదనిరి. ఆ పరీక్షల కైన వ్యయము మరియొక అప్పయ్యెను. మేము తొందరపెట్టక కూర్చుండగా, చాలసేపటికి ఆయన నోరు విప్పెను. 2021-22లో మన రెండు రాష్ట్రములలోను మిరపతోటలను ఒక క్రొత్తజాతి తామరపురుగు పాడుచేసిన సంగతి పాఠకులు మరచియుండరు. పూత పూతగానే రాలిపోయిన ఆ యేట, ఆయన కూతురి పెండ్లికని దాచిన సొమ్మంతయు మందులకును కౌలునకును పెట్టి పోగొట్టుకొనెను. “అప్పు మాట దేవుడెరుగు, అండీ. ఇంట్లో చెప్పలేదు. అదే నన్ను తినేస్తున్నది” అనెను.

భార్యతో చెప్పుమని మేము సలహా యిచ్చితిమి. చెప్పుటకు ఆయనకు పదునైదు దినములు పట్టెను. తీర చెప్పినపుడు తెలిసినదేమనగా, ఆమె మూడు నెలల క్రిందటనే బ్యాంకు పుస్తకము చూచి సర్వము ఎరిగియున్నది. భర్త తనంతట తాను చెప్పువరకు ఆగుదమని ఊరకున్నది. ఒకే కప్పు క్రింద ఇద్దరును ఒకే దుఃఖమును వేర్వేరుగా మోసిరి! ఆ దినమున వారి బాకీ ఒక్క రూపాయియైనను తగ్గలేదు. కాని ఆ రాత్రి ఆయన నిద్రపోయెను. మరునాడు ఇద్దరును కూర్చుండి ఎవరికెంత ఇయ్యవలెనో ఒక కాగితముపై వ్రాసిరి. ఆ కాగితముతో ఆయన సంఘమునకు బోయి, గడువును గూర్చి మాటలాడగలిగెను. ఆయన కష్టములన్నియు గట్టెక్కినవని మేము చెప్పము. కష్టమును ఎదుర్కొనుటకు కావలసిన మనస్సు ఆయనకు తిరిగివచ్చినదని మాత్రము చెప్పగలము.

మేము ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. అప్పుకంటె, దానిని ఒంటరిగా దాచుకొనుట రైతును ఎక్కువగా కృశింపజేయుచున్నది. కావున అప్పును కలిసి మోయుటకు ఏర్పడిన సంఘము, ఆ దాపరికమును పోగొట్టుటయు తన పనులలో నొకటిగా చేసికొనవలెను.

దుఃఖమంతయు వ్యాధి కాదు. పంట పోయినపుడు దుఃఖపడని రైతు రైతే కాడు. ఎద్దు చనిపోయినపుడు ఇంటిల్లిపాదియు అన్నము మానుట మనమెరుగుదుము. అట్టి దుఃఖము పదిమంది పలుకరింపుతోను, పనితోను, కాలముతోను తగ్గును. కాని పైరుపై ఒక మచ్చ కనబడినపుడు అది ఎండవలన వచ్చినదా, తెగులువలన వచ్చినదా యని మనము చూచినట్లే, దుఃఖమునందును భేదము చూడవలయును. రెండు వారములకు మించి ప్రతిదినమును దిగులుగా నుండుట, ఇష్టమైన పనులయందును ఆసక్తి లేకపోవుట, నిద్ర చెడుట, ఆకలి మందగించుట, ఊరక అలసట, ఏ పనియందును మనస్సు నిలువకపోవుట, తాను ఎందుకును కొరగానివాడననియు, ఇంటికి బరువైతిననియు తలచుట—ఇట్టివి కొన్ని కూడి కనబడినచో అది వైద్యులు క్రుంగుబాటు అని చెప్పు వ్యాధి కావచ్చును. అది సోమరితనము కాదు, పిరికితనము కాదు, గాలి సోకుట కాదు, పూర్వజన్మపాపము కాదు. దానికి చికిత్స కలదు.

ఇది ఎక్కడనో కొందరికి వచ్చునది యనుకొనుటయు పొరపాటే. బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రములయందు జరిపిన జాతీయ సర్వేలో, వయోజనులలో నూటికి పదిమందికిపైగా ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచుండిరని తేలినది. వారిలో అధికసంఖ్యాకులకు ఏ చికిత్సయు అందుట లేదనియు తేలెను. వంద గడపల గ్రామమున ఈ లెక్క ఎన్ని యిండ్లను తాకునో పాఠకులే ఊహించుకొనవచ్చును. నూరు ఎకరములలో పది యెకరములకు తెగులు సోకినచో గ్రామమంతయు కదలును. మనుష్యులకు సోకినపుడు మాత్రము తలుపులు మూసికొందుము.

దీనికి కారణములు ఒకటి రెండు కావు. అప్పొక్కటియే కారణమనుట తేలిక. అది సత్యములో సగమే. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తిపై తెల్లదోమ పడినపుడును, 1997-98లో వరంగల్లు ప్రాంతమున ప్రత్తి దెబ్బతినినపుడును పలువురు రైతులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖము నేటికిని ఆ కుటుంబములను వీడలేదు. అదే పురుగు, అదే అప్పు ఎదురైన వేలమంది ఇతర రైతులు ఎట్లో నిలదొక్కుకొనిరి. ఈ మాటను మేము చనిపోయినవారిని తప్పుపట్టుటకు చెప్పుట లేదు. నష్టమునకు తోడు మరికొన్ని కూడినపుడే మనిషి కూలునని చెప్పుటకు చెప్పుచున్నాము. పదిమందిలో అవమానము, ఇంటిలో కలహము, త్రాగుడు, దీర్ఘరోగము, లోలోపల గుర్తింపబడని మనోవ్యాధి, చెప్పుకొనుటకు ఒక మనిషి లేకపోవుట—ఇవి ఆ కూడునవి. వానను మనము కురిపింపలేము, ధరను మనము నిర్ణయింపలేము. కాని ఈ రెండవ పట్టికలోని వానిలో కొన్ని మన చేతిలోనివే.

కౌలురైతు స్థితి ఇంకను కష్టము. భూమి పత్రము తన పేర లేదు గనుక పరపతి అందుట దుర్లభము. బయటి వడ్డీయే గతి. పంట పోయినను కౌలు కట్టవలసినదే. స్త్రీల మాటయు ఇట్లే మరుగునపడియున్నది. కలుపు తీయుటనుండి పశువుల మేతవరకు సేద్యమున సగము వారిదే యైనను రైతనగానే పురుషుడే మనకు జ్ఞప్తికి వచ్చును. భర్త క్రుంగిపోయినపుడు ఇంటిని మోయునది ఆమె. భర్త పోయినపుడు అప్పులవారికి జవాబు చెప్పునది ఆమె. ఆమె దిగులును “ఆడవారికి ఏడ్పు సహజమే” యని త్రోసివేయుట అన్యాయము.

మన పల్లెలలో మందు అను ఒక్క మాటకు మూడర్థములు కలవు. వైద్యుడిచ్చునదియు మందే, పురుగును చంపునదియు మందే, సారాయియు మందే. మనస్సు బాగులేని రైతు మొదటిదానిని వెదకికొనక మూడవదానిని పట్టుచున్నాడు. త్రాగినవానికి నిద్ర వచ్చినట్లుండును. కాని ఆ నిద్ర తెల్లవారకముందే చెదరును, దిగులు రెట్టింపగును, మరునాటి కూలి పోవును, ఇంటిలో మాట పోవును. దుఃఖమునకు త్రాగుట, మంటపై నూనె పోయుట వంటిది.

ఇక మనము చేయదగిన పని యేమి? మొదటిది వినుట. ఇది సులభమని తోచునుగాని సులభము కాదు. దిగులుగా నున్నవాడు ఒక మాట చెప్పగానే మనము పది మాటలు చెప్పుదుము. “నీకంటె కష్టపడువారు లేరా?”, “మగవాడవై యుండి యిట్లు బేలవగుదువా?”, “ధైర్యముగా నుండుము” అందుము. ఇవి మంచి మనస్సుతో అన్నవే. కాని వానిని విన్నవాడు మరల నోరు విప్పడు. కాలు విరిగినవానితో ధైర్యముగా నడువుమనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. మొదట ఒక గంట అతనిని చెప్పనిండు. మధ్య తీర్పు చెప్పకుడు. చెప్పినదానిని బజారున పెట్టకుడు. తరువాత “ఇన్ని దినములు దీనిని ఒక్కడవే ఎట్లు మోసితివి?” అని మాత్రము అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న మా అనుభవమున పది ఉపదేశములకంటె మేలు చేసినది.

మరియొక సందేహమును గూర్చి స్పష్టముగా చెప్పవలయును. ఎవడైన “నేను లేకున్న అందరికిని సుఖము” అన్నను, తన వస్తువులను పంచిపెట్టుచున్నను, అప్పగింతలు చెప్పుచున్నట్లు మాటలాడినను, “చనిపోవలెనని తోచుచున్నదా?” అని సూటిగా, మృదువుగా అడుగవచ్చునా? అడిగినచో లేని ఆలోచన కలిగించినట్లగునేమో యని పెద్దలు భయపడుదురు. ఆ భయము నిరాధారమని ఈ శాస్త్రమున కృషిచేసినవారు తేల్చియున్నారు. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. పుట్టియున్న తలంపు బయటికి వచ్చుటకు దారి దొరకును. ఔనని చెప్పినచో ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. అపాయకరమైన వస్తువులను అందకుండ చేసి, ఆ దినముననే వైద్యుని వద్దకు తోడ్కొనిపోవలయును. తీవ్రమైన ఆపదయందు 108కి ఫోను చేయవలయును.

రెండవది, సంఘము బాకీ అడుగు తీరు. సంఘధనము సభ్యులందరిది, వసూలు కాకున్న సంఘము నిలువదు. ఈ మాటయందు మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని అడుగుట వేరు, అవమానించుట వేరు. కొన్నిచోట్ల బాకీదారుల పేర్లు గోడకు అంటించుటయు, పెండ్లిలోనో సంతలోనో పదిమంది యెదుట నిలదీయుటయు మేము చూచితిమి. అందువలన వచ్చిన రొక్కమెంతయో తెలియదుగాని, ఆ సభ్యుడు సంఘపు గడప త్రొక్కుట మానెను. మరల బయటివడ్డీకే పోయెను. బాకీని గూర్చిన మాట నాలుగు గోడల మధ్య జరుగవలెననియు, పంట పోయిన యేట గడువు పొడిగింపునకును, ఋణమును మార్చివ్రాయుటకును ఉన్న నియమములను నోటీసుతోపాటే సభ్యునికి తెలుపవలెననియు పాలకవర్గమువారు తీర్మానించుట మంచిది. దారి కూడ చూపిన నోటీసును రైతు భయపడక చదువును.

మూడవది విషమునకు తాళము. పొలమునకు కొట్టు మందు డబ్బాలు నేడు వంటయింటి అటకమీదను, మంచము క్రిందను, ధాన్యపు బస్తాల ప్రక్కను ఉండుచున్నవి. పిల్లలకును, పశువులకును అపాయమన్నది అట్లుండగా, మనస్సు చెదరిన ఘడియలో అవి చేతికందుట గొప్ప ఆపద. ప్రాణము తీసికొనవలెనను ఉద్రేకము చాలమందియందు కొద్ది కాలమే యుండును. ఆ ఘడియ గడిచినచో మనిషి దక్కును. ప్రక్కనున్న సింహళద్వీపమునందు మిక్కిలి ప్రమాదకరమైన పురుగుమందులను 1995 మొదలుకొని క్రమముగా నిషేధింపగా, 2005 నాటికి అచ్చట ఆత్మహత్యల రేటు సుమారు సగమునకు తగ్గెను. వ్యవసాయము చెడలేదు, మనుష్యులు మిగిలిరి.

ఇంటింటికి తాళపుపెట్టె యిచ్చిన చాలదా యని ఒకరు అడుగవచ్చును. సింహళమునందే అనేక గ్రామములలో అట్లిచ్చి చూచిరి. దానివలన ప్రయోజనము కనబడలేదని 2017లో ప్రకటించిరి. తాళపుచెవి ఇంటిలోనే యున్నపుడు పెట్టె యెంతవరకు కాపాడగలదు? తమిళనాటి కడలూరు జిల్లాలో రెండు గ్రామములవారు వేరొక దారి త్రొక్కిరి. బ్యాంకులోని లాకర్లవలె ఊరందరికిని ఒకేచోట అరలు కట్టి, మందులను అందు దాచికొని, కావలసిననాడు తీసికొనిరి. అది చిన్న ప్రయత్నమే యైనను ఫలితము ఆశాజనకముగా నున్నదని 2013లో ప్రకటింపబడినది. మన సంఘములకు గిడ్డంగులు కలవు, కావలివారు కలరు, చిట్టా వ్రాయు గుమాస్తాలు కలరు. ఎరువుల బస్తాలకు దూరముగా, గాలి వచ్చు ఒక గదిలో ఇట్టి అరలు కట్టించుటకు అగు వ్యయము, సంఘము ఒక యేట చేయు ఇతర వ్యయముల ముందర గొప్పది కాదు. ప్రతి సంఘమును ఈ పనికి పూనుకొనవలెనని మా గట్టి అభిప్రాయము.

నాలుగవది, వైద్యమునకు దారి తెలిసియుండుట. మనోవైద్యమనగానే గొలుసులును, ఎత్తైన గోడలును మన కన్నులకు కట్టును. ఆ కాలము పోయినది. 1982లోనే మన దేశమున జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైనది. మన పొరుగుననున్న బళ్లారి జిల్లాలో 1980ల దశకమున జరిగిన ప్రయత్నము, కొద్దిపాటి శిక్షణ పొందిన ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులును మనోవ్యాధులకు చికిత్స చేయగలరని చూపినది. ఆ బాటలోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును నాలుగు జిల్లాలలో ప్రారంభించినపుడు, వానిలో మన మెదకు జిల్లా యొకటి. నేడు జిల్లా ప్రభుత్వాసుపత్రులలో మనోవైద్యుల సేవ లభించును. హైదరాబాదున ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రత్యేక ప్రభుత్వ వైద్యాలయములు కలవు. అంతదూరము పోలేనివారికి 2022 అక్టోబరు 10వ తేదీన టెలీ మానస్ అను ఫోను సేవ ప్రారంభమైనది. 14416 అను అంకెకు పగలుగాని రాత్రిగాని ఫోను చేసినచో, రుసుము లేకుండ, మన తెలుగులోనే మాటలాడువారుందురు. ఈ అయిదంకెలను సంఘ కార్యాలయపు గోడపైనను, పాసుపుస్తకపు అట్టపైనను ముద్రింపుడని మా మనవి.

వైద్యుడు మందులిచ్చినచో అవి ఒకటి రెండు దినములలో పనిచేయవు. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. వేసిన విత్తు మరునాడే మొలకెత్తలేదని దున్నివేయు రైతుండడు గదా! అట్లే గుణము కనబడలేదని నడుమ మానరాదు. గుణము కనబడినదనియు వైద్యుని అడుగక మానరాదు. గుడికి పోవువారు పోవచ్చును, మొక్కు చెల్లించుకొనువారు చెల్లించుకొనవచ్చును. దానికొరకు మందును మాత్రము ఆపరాదు.

కొందరు పోలీసు భయమున ఆసుపత్రికి పోరు. పూర్వము భారత శిక్షాస్మృతి 309వ విభాగము క్రింద ఆత్మహత్యాప్రయత్నము నేరముగా నుండెను. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తన 115వ విభాగమున, అట్టివానిని తీవ్రమైన మనోవేదనలో నున్నవానిగా తలపవలెననియు, ప్రభుత్వమే అతనికి చికిత్సయు సంరక్షణయు కల్పింపవలెననియు విధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309వ విభాగమే లేదు. కావున భయముచేత రోగిని ఇంటిలో దాచుట తగదు.

“ఋణములిచ్చి వసూలు చేయు సంఘమునకు ఈ గొడవ యేల?” అని పాలకవర్గములో నెవరైన ననవచ్చును. వారికి మా సమాధానమిది. 19వ శతాబ్దమున జర్మనీదేశపు పల్లెలలో రైఫైజెన్ అను మహాశయుడు పరపతి సంఘములను స్థాపించినపుడు, రైతు వద్ద తాకట్టునకు బంగారము లేదు. పొరుగువాని నడవడిని పొరుగువాడెరుగునను నమ్మకమే హామీ. మద్రాసు ప్రభుత్వము కొరకు ఫ్రెడరిక్ నికల్సన్ దొర 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలు ఆ పద్ధతినే మన దేశమునకు సిఫారసు చేసినవి. 1904లో మొదటి సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. అనగా సహకారోద్యమమునకు మూలధనము రూపాయి కాదు, ఒకరినొకరు ఎరిగియుండుట. పొరుగువాడు అప్పు తీర్చగలడా లేడా యని ఎరుగుటకు పనికివచ్చిన ఆ ఎరుక, పొరుగువాడు నెల దినములుగా నిద్రపోవుట లేదని ఎరుగుటకు పనికిరాదా? బ్యాంకువారికి లేని బలము మనకు ఇదియే. దీనిని వాడుకొననిచో మనమును ఒక చిన్న బ్యాంకు మాత్రమే.

“మాటలవలన అప్పు తీరునా?” అని రైతులలో కొందరడుగవచ్చును. తీరదు. ఈ విషయమున ఎవరిని మభ్యపెట్టుటకును మాకిష్టము లేదు. న్యాయమైన ధర, సకాలమున పరపతి, పంటనష్టమునకు పరిహారము—వీనికి మారుగా ఓదార్పును ఇచ్చువాడు రైతునకు మిత్రుడు కాడు. వానికొరకు చేయవలసిన పోరాటము చేయవలసినదే. కాని ఆ పోరాటము చేయుటకు మనిషి బ్రతికియుండవలెను. నిద్రపోయి, అన్నము తిని, సభకు వచ్చి నిలిచి మాటలాడవలెను. క్రుంగినవాడు పరిహారమునకు దరఖాస్తు కూడ వ్రాసికొనలేడు. 

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయుడని సభ్యులను కోరుచున్నాము. బాకీని గూర్చిన మాటలు రహస్యముగాను, మర్యాదగాను జరుగవలెనని ఒకటి. గిడ్డంగిలో పురుగుమందులకు తాళపు అరలు కట్టవలెనని రెండవది. నోరు జాగ్రత్తగలవారును, ఊరివారు నమ్మినవారును అగు ఒక పురుషుని, ఒక స్త్రీని ఎన్నుకొని, జిల్లా వైద్యులచేత వారికి కొంత శిక్షణ యిప్పించి, దిగులుగా నున్న సభ్యుల యిండ్లకు పోయి పలుకరించు పని వారికి అప్పగింపవలెనని మూడవది. ఇందుకు పెద్ద నిధి అక్కరలేదు.

ఆ తీర్మానముల వరకు ఆగనక్కరలేని పనియు ఒకటి కలదు. ఇది చదివిన ప్రతి సభ్యునికిని, కొంతకాలముగా సంఘమునకు రాని ఒక మనిషి మనస్సున మెదలియేయుండును. ఈ సాయంకాలమే అతని యింటికి పొండు. బాకీ మాట ఎత్తకుడు. అరుగుమీద కూర్చుండి, పొలము సంగతి అడిగి, తరువాత నిద్ర పట్టుచున్నదా యని అడుగుడు. అతడు జవాబు చెప్పువరకు లేవకుడు.